షికాగోలో పోశన్న చావులు

పాత అమెరికా క్రైమ్ సినిమాల గురించి మాట్లాడడానికి ఒమాన్ వెళ్తున్నానని చెబితే మా ఆయన పేపరు దించకుండానే, "దొంగల గురించి మాట్లాడడానికి అంత దూరం ఎందుకు? మీ కాలేజీ కమిటీ చాలదా?" అన్నారు. ఆయన మాటకేం గానీ, గుంటూరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే నాకు ఈ సినిమాల పిచ్చి పట్టి చాలా కాలమైంది. టోపీలు, సిగరెట్ పొగ, వానలో మెరిసే రోడ్లు అన్నీ ఇష్టమే. కానీ నేను కళ్ళప్పగించి చూసేది టోపీలవాళ్ళను కాదు, వాళ్ళకు తలుపులు తీసేవాళ్ళను.

ఆ సినిమాల్లో నల్లవాళ్ళు సామాను మోస్తారు, తలుపు తీస్తారు, శవాన్ని చూసి కళ్ళు తేలేస్తారు. అంతటితో వాళ్ళ పని సరి. చైనావాడి పాత్ర కావాలంటే ఎవరో తెల్ల నటుణ్ణి పట్టుకొచ్చి, కనురెప్పలు లాగి అంటించి, చైనావాణ్ణి చేస్తారు. ఇటలీ పేరున్నవాడు గ్యాంగ్‌స్టరు, ఐర్లండు పేరున్నవాడు పోలీసు. దీని మీద నేను రాసిన వ్యాసం చేతులు మారి మారి మస్కట్ చేరింది. అక్కడి తెలుగువాళ్ళ సంఘం కార్యదర్శి సూర్యారావు గారు చదివి ఫోను చేశారు. వచ్చి ఉపన్యాసం ఇవ్వాలట, పనిలో పనిగా వాళ్ళ వార్షికోత్సవానికి అలాంటి గ్యాంగ్‌స్టర్ నాటకం ఒకటి రాసి వేయించాలట. టికెట్టు వాళ్ళదే. అవి తొంభైల చివరి రోజులు. విమానం టికెట్టు ఉత్తినే వస్తుందంటే నేను దొంగల గురించేమిటి, దొండకాయల గురించైనా మాట్లాడతాను.

మస్కట్: క్యాసెట్ల అరెస్టు

ఎయిర్‌పోర్టులో నా గోంగూర పచ్చడి దర్జాగా బయటికి నడిచింది. నా వీడియో క్యాసెట్లు మాత్రం దొరికిపోయాయి. "వీటిలో ఏముంది?" అని కస్టమ్స్ అతను హిందీలో అడిగితే, మంచి ఇంగ్లీషు లెక్చరర్‌ను కాబట్టి ఉన్నమాట చెప్పాను. "హత్యలు" అన్నాను. అతను నన్నూ నా చీరనూ ఒకసారి చూసి, క్యాసెట్లన్నీ పక్కన పెట్టి, నాకో చీటీ ఇచ్చాడు.

బయట సూర్యారావు గారు నవ్వాపుకుంటూ వివరించారు. ఆయనది అమలాపురం, ఇక్కడ ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ మేనేజరు. "ఏ క్యాసెట్టైనా ముందు వాళ్ళు చూస్తారండి. చూసి ఇచ్చేత్తారు. మీరు కంగారు పడకండి." ఆయన కారు అద్దంలా ఉంది. ప్రతి సిగ్నలు దగ్గరా దిగి రుమాలుతో బానెట్ తుడుస్తుంటే శుభ్రత అనుకున్నాను. మురికి కారుతో ఊళ్ళో తిరిగితే జరిమానా వేస్తారట. మా ఆయన స్కూటరు గనక ఈ దేశంలో అడుగు పెడితే యావజ్జీవం పడుతుంది.

క్యాసెట్లు కొన్నాళ్ళకు విడుదలయ్యాయి. ఇచ్చిన అధికారి పెద్దవయసు మనిషి. ఒక క్యాసెట్టును పట్టుకుని, "ఇందులో తలపాగా కట్టుకున్న ఆ దొంగ అరబ్బేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ సినిమాలో ఎడారి గుడారంలో నగలు దాచే వాడొకడు ఉన్నాడు, వేసింది కాలిఫోర్నియా తెల్లాయన. "ఆ తలపాగా ఎవరు కట్టారు? ఆసుపత్రి వాళ్ళా?" అని, తన తలకున్న రంగుల మస్సర్‌ను సర్దుకుని, పక్క గదిలోంచి ఇంకో ఇద్దరిని పిలిచి మళ్ళీ అదే మాట చెప్పి నవ్వాడు. నేను పదిహేను పేజీల్లో రాసింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాకు కాస్త ఒళ్ళు మండింది, నవ్వు కూడా వచ్చింది.

అల్ మవాలే: పౌడరు డబ్బాలు

నా బస మస్కట్ శివారు అల్ మవాలేలో, సూర్యారావు గారింట్లో. చుట్టూ కొత్త ఇళ్ళు, వాటి మధ్య దుకాణాలు, ఒక మూల మలబారు చాయ్ హోటలు. చాయ్ యాభై బైసాలు. బైసా అంటే మన పైసా లాంటిదేలే అనుకుని పొద్దున్నే నాలుగు చాయ్‌లు తాగాను. రియాలంటే మన వంద రూపాయలకు అటూ ఇటూ అనీ, దానికి వెయ్యి బైసాలే అనీ తెలిశాక మంచినీళ్ళకు దిగాను. మంచినీళ్ళూ కొనుక్కోవాల్సిందేనని తర్వాత తెలిసింది.

అక్కడ సెలవు శుక్రవారం. ఆ రోజు సూర్యారావు గారి హాల్లో రిహార్సలు పెట్టాం. నేను రాసిన నాటకం షికాగోలో జరుగుతుంది. ఒక గ్యాంగ్‌స్టరు ఇంట్లో హత్య జరుగుతుంది. ఎవరు చేశారో తలుపు తీసే నౌకరుకూ, గిన్నెలు కడిగే పనిమనిషికీ మొదటి నుంచీ తెలుసు. కానీ వాళ్ళను ఎవరూ అడగరు. చివరికి వాళ్ళిద్దరే దొంగను పట్టిస్తారు. నాకు చాలా ముచ్చటగా కుదిరిన నాటకం అది.

సూర్యారావు గారు దాన్ని ఎర్రసిరాతో సరిచేసి పెట్టారు. "కమిటీ వాళ్ళందరికీ వేషాలుండాలి కదండి. నౌకరు పాత్ర మరీ పొడుగైపోయింది. మొదటి సీన్లోనే కాల్చేత్తే గొడవొదిలిపోద్ది." ఇక వేషాలు పంచారు. అమెరికావాళ్ళు తెల్లగా ఉంటారు కాబట్టి రంగును బట్టి పంపకం. గ్యాంగ్‌స్టరు టోనీగా ఆయనే. ఆయన రంగు మా ఊరి బెల్లానికి ఏమాత్రం తీసిపోదు, అందుకే రెండు డబ్బాల పౌడరు కొని పెట్టుకున్నారు. డిటెక్టివుగా వైజాగు ఇంజనీరు. మిగిలిన నౌకరు వేషానికి షినాస్ అనే ఊళ్ళో కంపెనీ సైట్ మీద పనిచేసే పోశన్నను, పనిమనిషి వేషానికి ఓబులమ్మను పిలిచారు.

ఓబులమ్మది రాయచోటి దగ్గర పల్లె. పక్కనే ఉన్న ఒమానీల ఇంట్లో వంటా ఇల్లూ చూస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం ఒక్కపూట సెలవు. వేషం ఏమిటో విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది సార్, వారమంతా ఈడ అంట్లు తోమేదే నా పని. శుక్రవారం పూట అమెరికాకు పోయి గూడా నేను అంట్లే తోమల్నా?"

హాలంతా గొల్లుమంది. సూర్యారావు గారు నా వైపు చూశారు, ఇంగ్లీషు చదివిన దాన్ని కదా సమాధానం చెబుతానని. నాకూ చెప్పాలనే ఉబలాటం. ఆ కాలంలో అమెరికాలో నల్లవాళ్ళు ఈ తలుపులు తీసే వేషాలతో విసిగి, సొంతంగా సినిమాలు తీసుకున్నారనీ, వాటిలో డిటెక్టివూ, దొంగా, జడ్జీ అందరూ వాళ్ళేననీ, వాళ్ళ పేటల్లోని హాళ్ళలో ఆడించుకున్నారనీ చెప్పాను.

"అట్లయితే ఆ సినిమాల్లో అంట్లు తోమేది ఎవరు?" అంది ఓబులమ్మ.

"అక్కడా పనిమనుషులుండేవారు. కానీ హీరోయిన్ కూడా వాళ్ళమ్మాయే."

"అది న్యాయం" అని ఓబులమ్మ చీపురు అందుకుంది, కానీ దాన్ని తుపాకీ పట్టినట్టు పట్టుకుంది. ఆ రోజంతా అలాగే పట్టుకుంది.

పోశన్న మాత్రం వేషం గురించి ఏమీ అడగలేదు. సన్నగా, నల్లగా, పొట్టిగా ఉంటాడు. జగిత్యాల వైపు మనిషి. తలుపు తీయాలి, "సార్" అనాలి, తూటా తగిలి పడాలి. అతను వెల్లకిలా పడితే సూర్యారావు గారు లేపి బోర్లా పడమన్నారు. "కిందటేడు ఒక నాటకంలో శవం కళ్ళు ఆర్పేసిందండి. జనం ఒకటే నవ్వు. మొకం కిందికి పెడితే ఏ గొడవా ఉండదు." పోశన్న బోర్లా పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని, "వీడియో తీస్తరా సార్?" అని ఒక్కటే అడిగాడు. తీస్తారన్నారు. అతని మొహం ఎందుకలా వాడిపోయిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

షినాస్: చేపలు తినే ఆవు

తర్వాతి గురువారం సూర్యారావు గారు ఏదో పని మీద షినాస్ వెళ్తూ నన్నూ తీసుకెళ్ళారు. కారులో ఒక పక్క సముద్రం, ఒక పక్క ఖర్జూరం తోటలు, వెనకాల ఎండకు వేగిన కొండలు. షినాస్ ఒడ్డున ఇసుక మీద చిన్న చేపలు ఆరబోసి ఉన్నాయి. అక్కడ నేను నా జీవితంలో చూడని దృశ్యం చూశాను. ఒక ముసలావిడ ఎండుచేపలూ ఖర్జూరాలూ కలిపి ఉడికించిన ముద్దను ఆవు ముందు పెట్టింది. ఆ ఆవు కళ్ళు మూసుకుని తన్మయంగా తింది.

పక్కనే చేపల కొట్టు నడిపే హమద్ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు. బొంబాయితో వ్యాపారం చేసిన మనిషి, హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. హల్వా పెట్టాడు, చేతికి బంకలా అంటుకుంది. చిన్న కప్పులో కాఫీ పోశాడు. తాగితే మళ్ళీ పోశాడు. మర్యాద కదా అని తాగుతూ పోయాను, ఆయన పోస్తూ పోయాడు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలని సూర్యారావు గారు చెప్పేసరికి నా గుండె రైలింజన్‌లా కొట్టుకుంటోంది.

"ఆవు చేపలు తినడమేమిటండీ?" అన్నాను ఉండబట్టలేక.

"మీ ఆవులేం తింటాయి?"

గడ్డి అందామనుకున్నాను. కానీ బజార్లో మా ఆవులు గోడల మీద ఏం పీక్కుని తింటాయో గుర్తొచ్చి అబద్ధం చెప్పలేకపోయాను. "సినిమా పోస్టర్లు" అన్నాను.

హమద్ ఆ ఆవునూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆ పాలే తాగుతారు కదా, అందుకే మీవాళ్ళంతా ఇలా ఉన్నారు" అన్నాడు. తర్వాత ఆయన్ని మా నాటకానికి ముఖ్య అతిథిగా పిలిచేశాం.

సూర్యారావు గారు పని చూసుకునే లోపు నేను పోశన్న రూమ్‌కు వెళ్ళాను. తడికెల గోడలు, ఇనుప మంచాలు, మూలన స్టవ్ మీద పప్పుచారు. ఖుబూస్ అనే అక్కడి రొట్టెను పప్పుచారులో ముంచి పెట్టారు. మా పుల్కా కంటే మెత్తగా ఉంది, ఇంకోటి అడిగి తిన్నాను. తింటుండగా పోశన్నను అడిగాను, ఆ రోజు మొహం అలా పెట్టాడెందుకని.

"ఏం లేదు మేడం. పోయినేడు గూడ నాటకం ఏసిండ్రు. నేను పళ్ళెం పట్కొని తలుపుకాడ నిలవడ్డ. వీడియో తీసెటాయన సార్లను తీసిండు. నాది పళ్ళెం పట్టిన చెయ్యి ఒక్కటే పడ్డది. గా క్యాసెట్ ఇంటికి పంపిన. ఊరోళ్ళంత కూసోని సూసిండ్రట. మా ఆమె చెయ్యి సూసి గుర్తువట్టి, బిడ్డకు సూపెట్టింది, గదే మీ నాయిన అని."

"పాప ఎంత?"

"నేను ఒచ్చినప్పుడు కడుపుల ఉండె. ఇప్పుడు నాలుగేండ్లు. లత. మీ నాయిన ఏడే అంటే తన చెయ్యి సూపెడ్తదట."

రూమ్‌లో వాళ్ళంతా నవ్వారు. పోశన్న కూడా నవ్వాడు. ఫోటో పంపలేకపోయావా అన్నాను.

"పంపిన మేడం. పాస్‌పోర్ట్ ఫోటో. గది సూసి పోలీసాయన అని ఏడ్సిందట. ఫోన్ల మాట్లాడితే ఫోనే మాట్లాడ్తుంది అనుకుంటది. క్యాసెట్ల నేను కదిలి, మాట్లాడితే గప్పుడు ఎరుకైతది గదా. సుట్టి దొరకాల్నంటే అర్బాబ్ మాటియ్యాలె, గది ఇంక రెండేండ్లు." సుట్టి అంటే సెలవు, అర్బాబ్ అంటే యజమాని. "గిప్పుడేమో మొకం కిందికి పెట్టి సావమంటున్నరు."

తిరుగు ప్రయాణంలో సూర్యారావు గారితో దారి పొడుగునా పోట్లాడాను. హాలు ఆయనది, భోజనం ఆయనది, కారు కూడా ఆయనదే. మధ్యలో దింపేస్తే ఖర్జూరం తోటలో పడుకోవాలి. అయినా పోట్లాడాను. ఆయన చెడ్డవాడు కాదు గానీ, శవం కళ్ళు ఆర్పిన అవమానం ఆయనకింకా మానలేదు. "ఒక్క చావు కోసం ఇంత గొడవెందుకండి మేడంగారూ" అని విసుక్కున్నారు.

నాటకం రోజు

వార్షికోత్సవం హాలు నిండిపోయింది. ముందు వరసల్లో కమిటీ కుటుంబాలు, మధ్యలో తెల్లటి దిష్‌దాషా అంగీలో హమద్, ఆయన పక్కన హిందీలో కథ చెప్పడానికి నేను. వెనక వరసలన్నీ షినాస్ బస్సు దిగినవాళ్ళవే. వీడియో తీసేది ఒక మలయాళీ కుర్రాడు, పెళ్ళి వీడియోల్లో పేరున్నవాడు. ఏసీ మొరాయించింది. తెర లేవకముందే సూర్యారావు గారి పౌడరు చెంపల మీద చారలు కట్టింది.

నా ఉపన్యాసం ఎలా జరిగిందో రాయను. ముందు వరస పెద్దాయన ఒకరు గురక పెట్టారు, అంతకంటే చెప్పుకోదగ్గ సంగతి జరగలేదు.

నాటకం మొదలైంది. పోశన్న తలుపు తీశాడు, "సార్" అన్నాడు. టోనీ తుపాకీ ఎత్తాడు. తెర పక్కన ఓబులమ్మ రెండు చెక్కలు ఫట్‌మని కొట్టింది. పోశన్న గుండె పట్టుకుని, ఒక్క గెంతు గెంతి, చెప్పినట్టే మొహం కిందికి పెట్టి పడ్డాడు. చాలా బాగా చచ్చాడు. కమిటీ వాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు.

అప్పుడు వెనక వరసల నుంచి ఒక గొంతు లేచింది. "వన్స్‌మోర్!"

ఇంకో గొంతు, ఇంకో పది గొంతులు, తర్వాత వెనక సగం హాలంతా. "వన్స్‌మోర్! వన్స్‌మోర్!"

తెలుగువాళ్ళకు నేను వివరించక్కర్లేదు. పద్యం బాగా పాడితే వన్స్‌మోర్ అనడం, ఆ నటుడు మళ్ళీ పాడడం మనకు అలవాటే. గుంటూరులో చచ్చిన పాత్ర లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవడం నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. కానీ వన్స్‌మోర్ పద్యానికి కాకుండా ఉత్త చావుకు కొట్టడం అదే మొదటిసారి. కమిటీ వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. టోనీ తుపాకీ పట్టుకుని బిక్కమొహం వేశాడు. పోశన్న పడుకునే తల కొంచెం ఎత్తి నా కోసం వెతికాడు.

నేను కుర్చీలోంచి లేచి, హాలంతా చూస్తుండగా, చెయ్యెత్తి లేవమని సైగ చేశాను.

పోశన్న లేచాడు, వెళ్ళి మళ్ళీ తలుపు తీశాడు. సభ అడిగితే కాదనకూడదనే పద్ధతి సూర్యారావు గారికీ తెలుసు, గోదావరి జిల్లా మనిషి కదా. మళ్ళీ కాల్చారు. ఈసారి పోశన్న పక్కకు పడ్డాడు. హాలు ఈలలతో మోగింది.

హమద్ నా వైపు వంగాడు. "మీ దగ్గర ఒక మనిషిని ఎన్నిసార్లు చంపాలి?"

నేను జవాబు చెప్పే లోపే వీడియో కుర్రాడు కెమెరా వెనక నుంచి చెయ్యి ఊపాడు. పెళ్ళిళ్ళలో తాళి కట్టడం సరిగ్గా పడకపోతే పెళ్ళికొడుకు చేత మళ్ళీ కట్టించే రకం అతను. నాటకమైతే ఏం, పెళ్ళయితే ఏం? "భయ్యా, ఫోకస్ పోయింది. ఇంకోసారి. ఇటు చూసి చావండి!" అన్నాడు హిందీలో.

సూర్యారావు గారు రుమాలుతో మొహం తుడుచుకున్నారు. పౌడరంతా రుమాలుకు వచ్చేసి, అమలాపురం బయటపడింది. కెమెరాను చూశారు, పోశన్నను చూశారు. తర్వాత తనే రెండడుగులు పక్కకు జరిగారు. ఆయన అడ్డు తప్పుకున్నారు. షినాస్ దారి పొడుగునా ఆయనతో పోట్లాడినందుకు నాకు ఆ క్షణాన సిగ్గేసింది.

మూడోసారి చెక్కలు మోగాయి. పోశన్న వెల్లకిలా పడ్డాడు, తల కెమెరా వైపు తిప్పి. లైటు మొహం నిండా పడింది. మన నాటకాల్లో చచ్చేవాడికి మాట్లాడే హక్కు ఎప్పుడూ ఉంది. పోశన్న దాన్ని వాడుకున్నాడు.

"లతా... బిడ్డా. నేను మీ నాయినను. గీ మొకం నాది. మంచిగ సూస్కో. బువ్వ తిన్నవా? అమ్మను సతాయిస్తున్నవా? నాకేం గాలే. గీ సారు ఉత్తుత్తిగ కాల్సిండు."

అని, నాటకం ముందుకు పోవాలి కాబట్టి, కళ్ళు మూసుకున్నాడు.

ఈలలు ఆగిపోయాయి. శవాన్ని చూసి కెవ్వున అరవాల్సిన ఓబులమ్మ చీపురుతో వచ్చి, అరవకుండా, పక్కనే చతికిలబడి కళ్ళొత్తుకుంది. నేనూ ఏడ్చాను, హమద్‌కు కథ చెప్పడం మానేసి. ఆయన అడగలేదు కూడా.

మిగతా నాటకం ఏమైందో ఎవరికీ గుర్తులేదు. డిటెక్టివు ఎవరినో పట్టుకున్నాడు. నేను బయల్దేరే రోజు సూర్యారావు గారు క్యాసెట్టు తొలి కాపీ తెచ్చి నా సంచిలో పెట్టారు. "కొరియర్లో అయితే నలిగిపోద్దండి. మీరే పోశన్న ఇంట్లో ఇచ్చెయ్యండి, ఎంత దూరమైతే అంత దూరం" అన్నారు.

జగిత్యాల పక్కన

గుంటూరు చేరి, బట్టలు ఉతుక్కుని, మా ఆయన సణుగుడు విని, మళ్ళీ రైలూ బస్సూ ఎక్కాను. పోశన్న భార్య రాజవ్వ పక్కింట్లో టీవీ ఉంది, వీసీపీ కిరాయికి తెచ్చారు. వాడంతా వచ్చింది. నాకు కుర్చీ వేసి, మక్కజొన్న గారెలు పెట్టారు. మా వైపు గారెలంటే మినపపప్పే, ఇవి గరుగ్గా, కారంగా ఉన్నాయి. మొహమాటం లేకుండా తిన్నాను.

లత తల్లి ఒళ్ళో కూర్చుంది. రెండు జడలు, ముక్కు చీదుకుంటోంది. తెర మీద షికాగో వచ్చింది. పోశన్న తలుపు తీశాడు, చచ్చాడు. జనం గోల. లేచాడు, మళ్ళీ చచ్చాడు. మూడోసారి మొహం టీవీ నిండా వచ్చి మాట్లాడింది. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "గీనెనే మీ నాయిన. నిన్నే పిలుస్తుండు బిడ్డా."

లత ఒళ్ళోంచి దిగింది. టీవీ దగ్గరికి పోయి, కళ్ళు మూసుకున్న ఆ మొహాన్ని ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"సచ్చిపోయిండా?"

"లేదు బిడ్డా, ఉత్తుత్తిగనే. సూసినవు గదా, సచ్చినప్పుడల్లా లేశిండు."

పిల్ల టీవీ మీద వేలు పెట్టింది.

"లేస్తడు గదా. మరి లేశి ఇంటికి రమ్మను."